వీధి గుమ్మం, పెరటి గుమ్మం

జీవకణం బొమ్మ గీయమంటే మనం ఏం చేస్తాం? గుండ్రంగా ఒక గీత, మధ్యలో కేంద్రకం, చుట్టూ నాలుగైదు చుక్కలు. మార్కులు వస్తాయి. కాని ఆ బొమ్మ ఒక ముఖ్యమైన సంగతిని దాచేస్తోందని నా అభిప్రాయం. మన శరీరంలోని ఎన్నో కణాలకు అన్ని వైపులూ ఒకటి కావు.

మూత్రపిండాలనే తీసుకోండి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. మూత్రంగా పోయేది దాదాపు లీటరున్నర మాత్రమే. మిగిలినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది. చివరిదశలో, సంగ్రహణ నాళాలలో, ఎంత నీరు వెనక్కు తీసుకోవాలో వాసోప్రెస్సిన్ అనే హార్మోను నిర్ణయిస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే పీయూష గ్రంథి దీనిని రక్తంలోకి వదులుతుంది.

ఆ నాళపు గోడలోని కణం ఒక ఇల్లు అనుకోండి. వీధి గుమ్మం రక్తం వైపు, పెరటి గుమ్మం మూత్రం వైపు. ఉత్తరం వచ్చేది వీధిలోనుంచి. కనుక హార్మోనును అందుకునే వి2 గ్రాహకం ముఖ్యంగా రక్తం వైపు పొరలో ఉంటుంది. కబురు అందగానే, కణం లోపల చిన్న సంచులలో దాచి ఉన్న ఆక్వాపోరిన్-2 అనే నీటి ద్వారాలు మూత్రం వైపు పొరకు చేరతాయి. అటునుంచి నీరు లోపలికి వచ్చి, ఇటునుంచి రక్తంలోకి పోతుంది. ఏ ప్రోటీను ఎక్కడికి వెళ్ళాలో తెలిపే గుర్తులు దాని నిర్మాణంలోనే ఉంటాయి. ప్రోటీన్లలో ఇలాంటి గుర్తులున్నాయని కనుగొన్నందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

"పేర్లు తెలిస్తే చాలదా? ఇదంతా ఎందుకు?" అని మీరడగవచ్చు. పుట్టుకతో వచ్చే ఒక రకం అతిమూత్రవ్యాధి ఉంది. ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. వీరిలో చాలామందికి వి2 గ్రాహకం తయారవుతుంది గాని, జన్యులోపంవల్ల సరిగా మడత పడక, తయారైనచోటే చిక్కుకుపోతుంది. ఉత్తరం వచ్చినా, గుమ్మంలో అందుకునేవారు లేరు! నీరంతా మూత్రంగా పోతుంది. దాహమని నోరు తెరిచి చెప్పలేని పసిబిడ్డకు ఇది ప్రాణాపాయం కూడా కావచ్చు.

ఇక్కడ లోపం వస్తువు లేకపోవడం కాదు, చోటు తప్పడం. అది తెలిసింది కనుకనే, చిక్కుకున్న గ్రాహకాలలో కొన్నింటిని పొరకు చేర్చగల అణువుల కోసం శాస్త్రజ్ఞులు వెతికారు. ప్రయోగశాలలోని కణాలలో అటువంటివి పనిచేయడం చూశారు కూడా.

అందుకే నా మాట వినండి. ఈసారి కణాన్ని ఒంటరిగా గీయకండి. పక్కపక్కనే నాలుగు కణాలు గీసి, ఒకవైపు 'రక్తం', మరోవైపు 'మూత్రం' అని రాయండి. 'ఏమిటి' అన్న ప్రశ్న పక్కనే 'ఎక్కడ' అన్న ప్రశ్న కూడా వేసుకోండి. మార్కులు పెరగకపోవచ్చు, కాని కణం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.