ఒకే సినిమా.. ఇక్కడ థర్డ్, అక్కడ ఫస్ట్!

అమీర్‌పేటలో క్లాసు అయిపోయి మెట్రో ఎక్కితే పంజగుట్ట, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్‌లో దిగేలోపు ఫ్రెండ్స్ మధ్య ఒక పంచాయితీ గ్యారంటీ. ‘బలగం’కి ఇవ్వాల్సింది కదరా? ‘హనుమాన్’ ఏం తక్కువ? ఆ జ్యూరీ వాళ్లు అసలు సినిమాలు చూస్తారా? చాయ్ గ్లాసులు ఖాళీ అవుతాయి, వాదన మాత్రం తెగదు. అవార్డుల సీజన్ అంటేనే అంత.

దీన్ని టైంపాస్ అని కొట్టిపారేయకండి. ఉద్యోగ వేటలో ఉన్న మీరు ప్రతి నెలా ఏదో ఒక సెలక్షన్ లిస్టు కోసం ఎదురుచూస్తుంటారు. లిస్టు ఎలా తయారవుతుంది, దాన్ని ఎలా చదవాలి, ఎక్కడ ప్రశ్నించాలి అన్నది ఈ సినిమా అవార్డుల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఏడాది ఒకటే.. జాబితాలు రెండు

2023 సినిమాలనే తీసుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న గద్దర్ అవార్డుల్లో భాగంగా 2014 నుంచి 2023 వరకు ఏడాదివారీగా ఉత్తమ చిత్రాలను ప్రకటించింది. 2023కి మొదటి ఉత్తమ చిత్రం ‘బలగం’, రెండోది ‘హనుమాన్’, మూడోది ‘భగవంత్ కేసరి’. రెండు నెలలు తిరిగాయి. ఆగస్టు 1న 71వ జాతీయ చలనచిత్ర అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం.. ‘భగవంత్ కేసరి’! ఇక్కడ మూడో స్థానంలో ఉన్నది అక్కడ ముందు నిలిచింది. మరి మిగతా రెండూ? ‘బలగం’ పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత అయ్యారు. ‘హనుమాన్’కి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో, ఫైట్స్‌కి పురస్కారాలు దక్కాయి.

ఇలా జరగడం మొదటిసారి కాదు. 2016కి నంది అవార్డుల్లో ‘పెళ్లిచూపులు’ ఉత్తమ చిత్రం. అదే ఏడాదికి గద్దర్ అవార్డుల్లో ‘శతమానం భవతి’ మొదటి స్థానం, ‘పెళ్లిచూపులు’ రెండో స్థానం. జాతీయ స్థాయిలోనేమో రెండూ గెలిచాయి. ‘పెళ్లిచూపులు’ ఉత్తమ తెలుగు చిత్రంగా, ‘శతమానం భవతి’ సంపూర్ణ వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా.

కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ అదే, ఫంక్షన్ మారింది. ఒక జ్యూరీ ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇస్తుంది. ఇంకో జ్యూరీ భాషకు ఒక సినిమాను ఎంచుకుని, మిగతా ప్రతిభను విభాగాల వారీగా పంచుతుంది. జాతీయ అవార్డుల్లో అయితే ప్రాంతీయ ప్యానెళ్లు ముందు వడపోస్తాయి, ఆ తర్వాత కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. ఆస్కార్‌లో వేలమంది సభ్యులు ఓటేస్తారు. ప్రశ్న మారినప్పుడు జవాబు మారడంలో వింతేముంది?

మీ రెజ్యూమె కూడా అంతే. ఒక కంపెనీ మొదటి రౌండులోనే పక్కనపెట్టిన ప్రొఫైల్‌ను ఇంకో కంపెనీ పిలిచి మాట్లాడుతుంది. మొదటి కంపెనీకి జావా కావాలి, రెండోదానికి టెస్టింగ్ కావాలి. ఒక లిస్టులో పేరు లేకపోతే ‘నేను పనికిరాను’ అనుకునే ముందు, వాళ్లు అడిగిందేమిటో ఒకసారి చూడండి.

తేదీ దగ్గరే సగం గొడవ

‘ఆర్ఆర్ఆర్’ థియేటర్లకొచ్చింది 2022 మార్చి 25న. కానీ జాతీయ అవార్డుల్లో అది 2021 సినిమా. గద్దర్ అవార్డుల జాబితాలోనూ 2021 కిందే ఉంది. 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ 2016 లెక్కలో పడింది. 2024 జనవరి 12న విడుదలైన ‘హనుమాన్’ 2023లోకి వెళ్లింది. పొరపాటేం కాదు. జాతీయ అవార్డులకు లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీతోనే. విడుదల ఎప్పుడన్నది వాళ్లకు అనవసరం.

ఈ ఒక్క రూల్ తెలియక ఎంతమంది గొంతులు చించుకుని వాదిస్తారో! నోటిఫికేషన్లలో మనం చేసే పని కూడా ఇదే. పోస్టుల సంఖ్య, జీతం చూసి అప్లై కొట్టేస్తాం. వయసును ఏ తేదీకి లెక్కిస్తారు, డిగ్రీ ఎప్పటిలోగా చేతికి రావాలి, ఏ పాసవుట్ బ్యాచ్ వరకు అర్హులు అన్న లైన్లు చదవం. చిన్న అక్షరాల్లో ఉన్న ఆ లైన్లే మీరు ఆటలో ఉన్నారో లేదో తేల్చేస్తాయి.

ఇక్కడ ‘ఆర్ఆర్ఆర్’ టీమ్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 2022లో ఆస్కార్‌కు మన దేశం నుంచి అధికారిక ఎంట్రీగా వెళ్లింది గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’. ఆ తలుపు మూసుకుంది. అయితే అమెరికా థియేటర్లలో ఆడిన సినిమాగా మిగతా విభాగాలకు నేరుగా పోటీపడే దారి ఒకటుంది. ‘ఆర్ఆర్ఆర్’ ఆ దారిలో వెళ్లింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’ ఉత్తమ ఒరిజినల్ సాంగ్ అయింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాని వాళ్లకు ఆఫ్ క్యాంపస్ ఉన్నట్టే. కాకపోతే ఆ దారి ఉందని తెలియాలంటే రూల్స్ చదవాల్సిందే.

ఆలస్యం ఎవరి జేబుకు చిల్లు?

జ్యూరీల అభిరుచి మీద మనం రోజంతా కొట్టుకుంటాం. నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. అవార్డులు టైముకు ఇస్తున్నారా?

నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. రాష్ట్ర విభజన తర్వాత 2014, 2015, 2016 నందులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకేసారి 2017 నవంబరులో ప్రకటించింది. ఆ తర్వాత సినిమా నందులు ఆగిపోయాయి. తెలంగాణలో గద్దర్ పేరిట అవార్డులిస్తామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించింది 2024 జనవరి 31న, లక్డీకాపూల్ దాటగానే వచ్చే రవీంద్రభారతిలో. ప్రదానం 2025 జూన్ 14న హైటెక్స్‌లో జరిగింది. 2024 సినిమాలకు నటులతో పాటు ఎడిటింగ్, సౌండ్, కెమెరా, ఆర్ట్, మేకప్ అన్నిటికీ అవార్డులున్నాయి. అంతకు ముందు పదేళ్లకు? ఉత్తమ చిత్రాలకే.

అంటే 2017 నుంచి 2023 దాకా తెలుగు సినిమాకు పనిచేసిన ఒక ఎడిటర్‌కో సౌండ్ డిజైనర్‌కో రెండు రాష్ట్రాల నుంచీ వ్యక్తిగత గుర్తింపు లేదు. ఏడేళ్లు ఖాళీ! దాంతో స్టార్ హీరోకి పోయేదేమీ లేదు. ఆయన పేరు పోస్టర్ మీద ఉంటుంది. కెరీర్ మొదట్లో ఉన్న టెక్నీషియన్‌కు మాత్రం ఆ ఒక్క లైను తర్వాతి ప్రాజెక్టు, కాస్త మంచి రెమ్యునరేషన్. 2024 అవార్డులకు వచ్చిన 1,248 నామినేషన్లలో 1,172 వ్యక్తిగత విభాగాలకే వచ్చాయంటే, ఆ గుర్తింపు కోసం ఎంతమంది చూస్తున్నారో అర్థమవుతుంది. క్రౌడ్ ఫండింగ్‌తో, ఏళ్ల తరబడి శ్రమించి తీసిన ‘గామి’ ఉత్తమ చిత్రాల మూడు స్థానాల్లో లేదు. కానీ సినిమాటోగ్రఫీ, ఆడియోగ్రఫీ అవార్డులు దానివే. విభాగాలు లేకపోతే ఆ పనిని లెక్కలోకి తీసుకునేవాళ్లే ఉండరు.

ఈ బాధ మీకు కొత్తేం కాదు. తెలంగాణలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్. అందులో అద్దె గదుల్లో కరిగిపోయిన వయసును ఎవరు తిరిగిస్తారు? జాబితాలో ఎవరి పేరుందన్నది ఒక రోజు వార్త. జాబితా ఏటా, చెప్పిన తేదీకి రావడం వ్యవస్థ. అవార్డయినా ఉద్యోగమయినా మనం గట్టిగా అడగాల్సింది ఈ రెండోదాన్నే.

‘మీకు ఇష్టమైన సినిమా ఏది?’

హెచ్‌ఆర్ రౌండులో ఈ ప్రశ్న తగిలితే చాలామంది పేరు చెప్పి ‘సూపర్ ఉంటుంది సార్’ అని ఆపేస్తారు. ఇష్టమైన సినిమా, ఉత్తమ సినిమా ఒకటే కానక్కర్లేదు. ఇష్టానికి కారణం అక్కర్లేదు, ఉత్తమం అనాలంటే కొలత చెప్పాలి. కాబట్టి జవాబును మూడు ముక్కల్లో చెప్పడం అలవాటు చేసుకోండి. దేన్ని బట్టి నచ్చింది? దానికి సినిమాలో ఏ సీన్ రుజువు? దానిలో మీకు కనిపించిన లోటేమిటి? మూడోది చెప్పగలిగిన అభ్యర్థి చాలా తక్కువగా దొరుకుతాడు. గ్రూప్ డిస్కషన్‌లోనూ ఇదే పనికొస్తుంది.

అన్నట్టు, సినిమా చూడకుండా తీర్పు చెప్పే జబ్బు మనకొక్కరికే లేదు. ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ విభాగంలో తుది ఓటు వేయాలని ఆస్కార్ అకాడమీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధన పెట్టాల్సి వచ్చింది. అదే నెలలో స్టంట్ డిజైన్‌కు కొత్త విభాగాన్ని కూడా ప్రకటించింది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి అమలవుతుంది. ఎప్పటి నుంచో ఉన్న పనికి ఇన్నాళ్లకు ఒక పేరు, ఒక వరుస దొరికాయి.

మీరు నేర్చుకుంటున్న పనికి ఇవాళ ఏ లిస్టులోనూ కాలమ్ లేకపోవచ్చు. పని ఆపకండి. కాలమ్ ఎప్పుడు పెడతారని అడగడమూ ఆపకండి.