పాత పీసీని పారేయకండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 లేని పాత కంప్యూటర్లలోకి విండోస్ 11 అడుగు పెట్టనంటుంది. మా పక్కింటి మాస్టారి పీసీ సరిగ్గా ఆ బాపతే. 'కొత్తది కొనాల్సిందే' అన్నాడట షాపువాడు. పెన్షన్ మీద బతికే మనిషికి అదేమైనా చిన్న ఖర్చా?

లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. ఇందులో ఓ సుఖం ఉంది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు. అంతా బాగుంది కానీ వైఫై పలకలేదు. డ్రైవర్ దిగాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్నట్టు! ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ముడి వీడింది.

కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు ఎంచుకోగానే ఇన్‌స్క్రిప్ట్ సిద్ధం. మాస్టారి వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో చక్కగా తెరుచుకున్నాయి. ఒకప్పుడు డీటీపీ సెంటర్లో కొట్టించిన శతక వ్యాఖ్యానం మాత్రం గజిబిజి గుర్తులుగా వచ్చింది. ఇది లినక్స్ తప్పు కాదు సుమండీ! యూనికోడ్ కాని పాత ఫాంట్లతో ఇదే తంటా; ఆ ఫాంటు లేని ఏ కంప్యూటర్లోనైనా అంతే. అలాంటి ఫైళ్లుంటే ముందే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. అన్నీ మరో డిస్కులోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.