ఒక్కరు చదివితే చాలు

మొన్న ఒక ఆదివారం సాయంత్రం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద కూర్చొని వుంటే, ఒకప్పటి నా విద్యార్థిని కనిపించింది. ఇప్పుడు అక్కడే ఎమ్మే చదువుతోంది. ఇల్లు తార్నాక. చేతిలో లావుపాటి నోటుపుస్తకం.

"ఏడాదినుంచి వారం వారం నా అనుభవాలు రాస్తున్నాను సార్. తెలిసినవాళ్ళకు పంపుతున్నాను. బాగుందన్నవాళ్ళు లేరు. అసలు కొత్తగా చెప్పడానికి ఏం మిగిలింది? మానేద్దామనుకొంటున్నాను" అంది.

పుస్తకం తీసుకొని తిరగేశాను. స్నేహం మీద ఒకటి, కాలం విలువ మీద ఒకటి, వాన మీద మూడు! అన్నీ చక్కని తెలుగే. కాని ఎక్కడో విన్నట్టే వున్నాయి. నడుమ ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. వాళ్ళ నాయనమ్మ తార్నాక చౌరస్తా దాటడం గురించి. ఒకప్పుడు పాలగిన్నె పట్టుకొని చకచకా దాటిన మనిషి, ఇప్పుడు మెట్రో స్తంభం పక్కన నిలబడి "ఈ బండ్లు పోనియ్యి బిడ్డా" అంటుందట. బండ్లకు అంతెక్కడిది?

"ఇది ఎవరికి పంపావమ్మా?"

"ఎవ్వరికీ పంపలేదు సార్. ఇదేం గొప్ప విషయమని?"

నాకు మనసు చివుక్కుమంది. ఎందుకో చెబుతాను. ఇరవయ్యేళ్ళ వయసులో నేనూ రెండు నోటుపుస్తకాలు నింపాను. భావకవులను చదివిన మత్తు! ఆ రోజుల్లోనే మా నాన్న అజామాబాదు కార్ఖానాలో రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారేసరికి ముషీరాబాదు ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ ఎన్నెన్నో కబుర్లు చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పుస్తకాలు తీసి చూశాను. వెన్నెల బోలెడంత వుంది. నాన్న మాట ఒక్కటీ లేదు.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో మజిలీలు, బాటలు, దొరికే సరుకులు, జనం నడవడి - చూసింది చూసినట్టు వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్యగారు కాలం చేశారు. ఆ వ్రాతలను మిత్రుడే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఆ పుస్తకాన్ని ఆయన కళ్ళజూడనేలేదు. ఆనాటి బాటలు ఎలా వుండేవో తెలుసుకోవాలంటే ఈనాటికీ మనం దాన్నే తెరుస్తున్నాం!

ఇక కొత్తదనం అంటారా? పానుగంటివారి 'సాక్షి'కి ఒరవడి 1711లో లండనులో అడిసన్, స్టీల్ నడిపిన 'స్పెక్టేటర్' పత్రిక. ఒరవడి అక్కడిదే. అయినా జంఘాలశాస్త్రి నోరు విప్పితే అతను ముమ్మాటికీ మనవాడే. గిన్నె ఎవరిదైతేనేం, వంట మన ఇంటిదయితే చాలు.

ఈ మాటలే ఆ అమ్మాయితో అన్నాను. అంతా విని, "అయితే సార్, నావి ఎంతమంది చదువుతారంటారు?" అంది. ఆశ అంత తేలికగా చస్తుందా!

"ముందు మీ నాయనమ్మకు చదివి వినిపించు. ఒకరు లెక్కకు వచ్చినట్టే గదా" అన్నాను.

మళ్ళీ ఆదివారం అదే మెట్లమీద కనిపించింది. "విన్నది సార్! విని నన్ను కోప్పడింది. అది పాలగిన్నె కాదట, పెరుగు గురిగి అట. ఎవరింటికి తీసుకుపోయేదో, ఎందుకు మానేసిందో రాత్రి పొద్దుపోయేదాకా చెప్పింది."

"మరి రాశావా?"

నోటుపుస్తకం తెరిచి చూపించింది. పన్నెండు పేజీలు! అందులో వాన ఎక్కడా లేదు.