పెరటి పాములను గుర్తెఱుగవలయును

వానలు మొదలైనది మొదలు మన కోస్గి ప్రాంతపు పల్లెలలో పాము మాట వినబడని దినముండదు. పెరటిలోని కందికట్టె మోపులు, ప్రత్తికట్టె కుప్పలు, పిడకల గూళ్లు, రాతిగోడల సందులు ఎలుకలకు నిలయములు. ఎలుక యున్నచోటికి పాము వచ్చుట సహజము. పాము కనబడినంతనే కఱ్ఱ వెదకుట మనవారి యలవాటు. ఈ యలవాటు రైతునకు నష్టకరమని మా యభిప్రాయము.

ఇటీవల మా కన్నులయెదుట నొక సభ్యుని పెరటిలో ఆఱడుగుల పామును చంపి, నాగును చంపితిమని పదిమంది సంతసించిరి. దగ్గఱకు పోయి చూడగా నది జెఱ్ఱిపోతు. దానికి విషము లేదు. గాదెలోని ధాన్యమును తిను ఎలుకలను అది తినుచుండెను. దానిని చంపి మనము ఎలుకలకే మేలు చేసితిమి. జెఱ్ఱిపోతు ఆవు పొదుగు పట్టి పాలు త్రాగునని కొందఱందురు. పాము నోరు పాలు పీల్చుటకు తగినది కాదు. ఆ మాట నమ్మదగదు.

మన పెరళ్లలో ప్రాణాంతకములుగా ముఖ్యముగా తెలిసికొనవలసినవి నాలుగు పాములు. మొదటిది నాగు. పడగ విప్పినచో నెవరైనను గుర్తింతురు. పడగ విప్పనపుడే జెఱ్ఱిపోతని పొరబడుదురు. జెఱ్ఱిపోతు మెడ సన్నము, కన్నులు పెద్దవి, పెదవులపై నల్లని గీతలుండును, వేగముగా పరుగెత్తును.

రెండవది కట్లపాము. నిగనిగలాడు నల్లని దేహముపై సన్నని తెల్లకట్లు తఱచు జంటలుగా నుండును. తల దగ్గఱ కట్లు స్పష్టముగా నుండవు, తోకవైపు స్పష్టమగును. ఇట్టి కట్లే కలిగి గోడలెక్కు విషములేని చిన్న పాము ఇంకొకటి కలదు. దానికి కట్లు మెడ దగ్గఱ స్పష్టముగా నుండి తోకవైపు మాసిపోవును. కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలపై నిద్రించువారిని కఱచును. నొప్పి తెలియకపోవచ్చును. తెల్లవాఱుసరికి కడుపునొప్పి పుట్టి కనుఱెప్పలు వాలును. కావున దీనికే మిక్కిలి భయపడవలయును.

మూడవది రక్తపింజర. లావైన దేహము, ముక్కోణపు తల, వీపుపై గొలుసువలె మూడు వరుసల మచ్చలు, కొలిమితిత్తివంటి బుస దీని గుర్తులు. నాలుగవది చిన్నపింజర. అడుగు రెండడుగుల పొడవే యుండును. ఎండిన రాతినేలలలో నుండును. తలపై బాణమువంటి గుర్తు కలదు. పొలుసులు రాచి ఱంపపుకోతవంటి చప్పుడు చేయును. చిన్నదని దీనిని తేలికగా చూడరాదు.

పాముల భేదము నెఱుగుట మనకు క్రొత్త విద్య కాదు. విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, విషముగల పాములను లేనివానినుండి వేఱుపఱచి చూపుటకై 1796లో బొమ్మలతో నొక గ్రంథము ప్రకటించెను. అందు తెలుగువారు పెట్టిన పేర్లను వ్రాసెను. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు వాడు ‘బంగారస్’ అను పేరు మన ‘బంగారు’ మాటనుండి పుట్టినదే. పేర్లు మనవి, గుర్తించు నేర్పు మాత్రము మన చేజాఱుచున్నది.

పిల్లలు తిరుగు పెరటిలో నిలిచి గుర్తులు చూచువారెవరని కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. దగ్గఱకు పొమ్మని మేము చెప్పుటలేదు. పిల్లలను తొలగించి దూరమునుండి చూడవలయును. సందేహము కలిగినచో విషసర్పమనియే తలచి, పాములు పట్టువారికిగాని అటవీశాఖకుగాని తెలుపవలయును. పామును కొట్టబోయి కాటు తినినవారు తక్కువ కాదు.

కాటు పడినపిదప మాత్రము ఏ పామో యని వెదకుచు కాలము పోగొట్టరాదు. మన దేశమున వాడుచున్న విషహారి మందు ఈ నాలుగింటికిని పనిచేయును. గట్టిగా కట్లు కట్టుట, కోయుట, నోటితో పీల్చుట కూడదు. కఱవబడినవానిని నడిపింపక, కాటుపడిన యంగము కదలకుండ, వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్చవలయును. మంత్రగాని గడపకడ పోయిన గంట మఱల రాదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. వారిలో అధికులు పల్లెవారే.

ఆ మందునకు వలయు విషమును సేకరించుటలో నొక సహకార సంఘము పేరొందినది. చెన్నపట్టణము చెంత ఇరుల జాతివారు 1978లో స్థాపించుకొన్న పాములవారి సహకార సంఘమది. పామును చంపి చర్మ మమ్ముకొను స్థితినుండి పామును ప్రాణముతో నుంచి విషము తీయు స్థితికి వారు వచ్చిరి. వారి సభ్యులిద్దఱికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. సంఘబలముచే వారంత చేసినపుడు, మనము చేయదగిన స్వల్పకార్యము లేకపోలేదు.

మా మనవి యేమనగా, ప్రతి సంఘపు ఎరువుల గోదామునందును ఈ నాలుగు పాముల బొమ్మలను, జెఱ్ఱిపోతు బొమ్మను, సమీపమున మందు దొరకు ఆసుపత్రి పేరును గోడకు వ్రేలాడదీయవలయును. సభ్యులు కట్టెల కుప్పలను ఇంటిగోడకు దూరముగా వేయవలయును. రాత్రి దీపము లేక పెరటికి పోరాదు. మంచముపై దోమతెర కట్టుకొని నిద్రింపవలయును. ఇందు పెద్ద ఖర్చేమియు లేదు. ఎలుకలను తిను జెఱ్ఱిపోతును బ్రతుకనిండు. కాటుపడినవానిని ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చుడు. వచ్చు వానకాలమునకు ముందే సంఘ సభలలో ఈ విషయము చర్చింతురుగాక.