భూమి కింది పురుగుకు కార్డులో గడి లేదు

చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు క్యారెట్ తవ్వే రోజుల్లో ఏ పొలానికి వెళ్లినా గట్టు మీద రెండు కుప్పలు కనిపిస్తాయి. ఒకటి కడిగి, సంచులకెత్తి పట్నం పంపేది. రెండోది పంగలు చీలినవి, బుడిపెలు కట్టినవి, వేలెడంత కూడా ఊరనివి. అది పశువుల పాలు. విత్తనం, దుక్కి, కలుపు కూలి, తవ్వకం కూలి రెండు కుప్పలకూ ఒకటే. డబ్బు వచ్చేది మాత్రం మొదటి కుప్పకే. ఏటికేడు రెండో కుప్ప పెద్దదవుతోందని మన సభ్యులు చెబుతున్నారు. ధర గురించి ప్రతి నెలా రాసే మేము ఈ రెండో కుప్ప గురించి ఇన్నాళ్లూ రాయకపోవడం మా తప్పే.

గడ్డ చీలడానికి కారణాలు చాలా ఉన్నాయి. నేలలో రాళ్లున్నా, మాగని పశువుల ఎరువు వేసినా, దుక్కి లోతుగా లేకపోయినా చీలుతుంది. వాటిని రైతు సరిచేసుకోగలడు. కానీ సన్న వేళ్ల మీద పూసలు గుచ్చినట్టు బుడిపెలు కూడా ఉంటే అది నులిపురుగు పని. నెమటోడ్ అని అధికారులు అనేది దీన్నే. మట్టిలో ఉంటుంది, కంటికి కనబడదు. మొలిచిన తొలి వారాల్లోనే తల్లివేరు కొసలోకి దూరుతుంది. కొస దెబ్బతిన్న వేరు పక్కలకు చీలుతుంది. ఒక్కో ఆడపురుగు వందల్లో గుడ్లు పెడుతుంది. వెచ్చని నేలలో దాదాపు నెలకో తరం లెక్కన మూడు నెలల పైరు మీద మూడు తరాలు బతుకుతాయి. పైకి కనిపించేది మాత్రం అక్కడక్కడా పసుపు బారిన ఆకు, తడి ఉన్నా మధ్యాహ్నానికి వాడిపోయే మొక్క. అది చూసి రైతు యూరియా చల్లుతాడు. అసలు సంగతి తవ్వినప్పుడు గానీ తెలియదు. అప్పటికి ఏ మందూ చీలిన గడ్డను అతికించలేదు. తేలిక ఎర్ర నేల క్యారెట్‌కు ఎంత ఇష్టమో ఈ పురుగుకూ అంతే ఇష్టం.

ఆకుమచ్చ, బూడిద తెగులు కూడా వస్తాయి. అవి కంటికి కనిపిస్తాయి కనుక రైతు చూసుకుంటాడు. చలిదేశాల పుస్తకాల్లో భయపెట్టే క్యారెట్ ఈగ మన మైదానాల సమస్య కాదు.

ఒకప్పుడు దీనికి ఫోరేట్ గుళికలు చల్లేవాళ్లం. 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో ఫోరేట్‌ను నిషేధించారు. ఇప్పటికీ దుకాణంలో గొంతు తగ్గించి ఆ గుళికల కోసం అడిగేవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. క్యారెట్ పచ్చిగా తినే గడ్డ. మన పిల్లలు మడిలోంచి పీకి, లాగుకు తుడుచుకుని తింటారు. ఆ ఒక్క మాట తలచుకుంటే చాలు.

చేయగలిగిన పని అంతా విత్తకముందే ఉంది. ఎండాకాలం లోతు దుక్కి చేసి నేలను ఎండబెట్టాలి. 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడన వారం రోజులు ఉంచి దుక్కిలో వేయాలి. అన్నిటికన్నా మేలైనది పంట మార్పిడి. మన దగ్గర టమాట తీసి క్యారెట్, క్యారెట్ తీసి బెండ లేదా వంకాయ వేస్తున్నారు. ఇవన్నీ నులిపురుగుకు విందు భోజనాలే. పేరుకు పంట మారింది గానీ పురుగుకు కంచం మారలేదు. మధ్యలో జొన్నో, నువ్వో, బంతో పడాలి. బంతి వేళ్లలో నులిపురుగును చంపే గుణం ఉంది. అయితే గట్టు వెంట ఒక వరస నాటితే సరిపోదు, మడి నిండా పంటగా వేయాలి. బతుకమ్మకు, దసరాకు, దీపావళికి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపే బంతి మన ప్రాంతంలో ఉన్నదే. ఆ బంతి దున్నిన మడిలో దీపావళి తర్వాత క్యారెట్ వేసి చూడండి.

ఈ సలహా కౌలు రైతుకు చెబితే నవ్వుతాడు. ఒక్క పంట కాలానికి కౌలుకు తీసుకున్నవాడు మార్పిడి ఎక్కడ చేస్తాడు? కౌలు డబ్బు ముందే కట్టాడు, వంద రోజుల్లో చేతికి రావాలి. సొంత భూమి ఉన్నవాడికీ ఒక కాలం జొన్న వేయాలంటే గుండె ధైర్యం కావాలి. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఒక్క కూరగాయ కూడా లేదు. కేరళ ప్రభుత్వం 2020 నవంబర్ నుంచి 16 పంటలకు కనీస ధర అమలు చేసి, క్యారెట్‌కు కిలో 21 రూపాయలు ఖాయం చేసింది. ఉత్పత్తి ఖర్చు మీద 20 శాతం కలిపిన ధర అది. అలాంటి అండ ఉంటే రైతు భూమికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వగలడు.

అన్నిటికన్నా ముందు, తన మడిలో పురుగు ఉందో లేదో రైతుకు తెలియాలి. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉన్నాయి. నత్రజని నుంచి బోరాన్ దాకా చెబుతుంది. నులిపురుగుకు మాత్రం గడి లేదు. గడి పెడితేనే పని అయిపోదు కూడా. భూసార పరీక్షకు మట్టిని నీడలో ఆరబెట్టి పంపుతాం. నులిపురుగు పరీక్షకు తడిమట్టే పంపాలి, ఆరిపోతే పురుగు చచ్చి లెక్క తప్పుతుంది. అందుకే నమూనా తీయడం, చేరవేయడం వేరుగా నడవాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉంది, చేవెళ్లకు దూరమేమీ కాదు. విత్తే కాలానికి ముందు వారానికి ఒక రోజు వేదికలో తడిమట్టి తీసుకుని, పదిహేను రోజుల్లో ఫలితం రైతు చేతికి ఇవ్వాలని అడుగుతున్నాం. కౌలు రైతు తెచ్చిన మట్టికి పాస్‌బుక్ అడగకూడదని కూడా అడుగుతున్నాం.

ఈ నెల సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఊరి నుంచి బుడిపెలు కట్టిన గడ్డలు నాలుగు, వాటి వేళ్ల దగ్గర జానెడు లోతున తీసిన తడిమట్టి ఒక కవరులో తీసుకురండి. కవరు మీద ఊరు, ముందు వేసిన పంట రాయండి. కవరును ఎండలో పెట్టకండి. వినతిపత్రంతో పాటు వాటన్నిటినీ జిల్లా వ్యవసాయ అధికారి బల్ల మీద పెడదాం.