ఎవరి నష్టాన్ని ఎవరు కొట్టేస్తారు?

ముప్పై ఎనిమిదేళ్లు రక్షణశాఖ లెక్కలు చూసి 2018లో రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. వేదాంతం చదవలేదు. కాబట్టి గ్రీకు మూలాలు, హీబ్రూ ధాతువులు నా దగ్గర వెతకొద్దు. నాకు తెలిసింది జమ, ఖర్చు, వాటి కింద మనిషి పెట్టే సంతకం. పాపక్షమాపణ అనే సంగతిని కూడా ఆ కళ్లజోడుతోనే చూస్తాను. "పాపాన్ని లెక్కలతో కొలుస్తారా?" అని కోప్పడే మిత్రులకు ఒక్క మాట. లెక్కల భాషను ఇందులోకి తెచ్చింది నేను కాదు. మత్తయి సువార్తలో యేసు నేర్పిన ప్రార్థన తెలుగు బైబిలులో తీసి చూడండి, పాపాలకు అక్కడ వాడిన మాట 'ఋణములు'. అప్పు అన్నాక అకౌంటెంటు నోరు మూసుకుని ఎలా కూర్చుంటాడు?

2019 డిసెంబరులో, క్రిస్మస్‌కు వారం రోజుల ముందు, ఒకప్పుడు నా సెక్షన్లోనే పనిచేసిన ఒకాయన ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుని నన్ను పిలిచాడు. పేరు రాయను, ఆఫీసు పేరూ రాయను. నేను నాస్తికుణ్ణని తెలిసే పిలిచాడు, నేనూ స్నేహం కొద్దీ వెళ్లాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కీబోర్డు వాయించే కుర్రాడు, వెనకాల బిర్యానీ వాసన. పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక ఈయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఉద్యోగంలో లంచాలు తిన్నానన్నాడు. బిల్లు బిల్లుకీ వాటా తీసుకున్నానన్నాడు. చివరికి ఒక విధవరాలి దగ్గర కూడా తీసుకున్నాను, అయినా ప్రభువు నన్ను క్షమించాడు అన్నాడు. కుర్చీల్లోంచి "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నటన కాదు. మనిషి నిజంగానే ఏడ్చాడు. ఆ మాట రాయకపోతే నేను అబద్ధమాడినట్టవుతుంది.

ఆ విధవరాలిని నేనెరుగుదును.

1994. ఒక డిపోలో మజ్దూరుగా చేస్తూ చనిపోయినవాడి భార్య. ఫ్యామిలీ పెన్షన్ బకాయిల కోసం తిరిగేది. ఈయన మూడు వేలు అడిగాడు. ఆవిడ చెవి కమ్మలు అమ్మి తెచ్చిందని తర్వాత ప్యూన్ చెప్పాడు. అంతవరకూ ఆ ఫైలు ఎక్కడుంది? నా టేబుల్ మీద. పదకొండు రోజులు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, సంతకం పెట్టి పంపడమే తరువాయి. "కొంచెం ఆగండి రావుగారూ" అన్నాడు. ఆగాను. నేను పైసా ముట్టలేదు. ఆ ముక్క చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకు తిరిగాను కూడా.

భోజనాలయ్యాక పక్కకి తీసుకెళ్లి అడిగాను. "ఆవిడ డబ్బు ఆవిడకి తిరిగిచ్చారా?" ఆయనకి కోపం రాలేదు. ఆశ్చర్యపోయాడు. "అదంతా సిలువ దగ్గరే కొట్టేశారు కదండీ. మళ్లీ తవ్వడమంటే ప్రభువు చేసిన పనిని అనుమానించడమే" అన్నాడు. ఆ ఏడే సంఘానికి లక్షన్నర పెట్టి సౌండ్ సిస్టమ్ కొనిచ్చాడట. పాస్టర్ గారు మైకులో చెప్పారు, ఆ సౌండ్ సిస్టమ్‌లోనే విన్నాను.

కొట్టేయడం మాకు తెలిసిన పనే. సర్కారు భాషలో రైట్ ఆఫ్ అంటారు. గోడౌనులో గుడారాలు చెదలు తినిపోయాయి, బండి కాలిపోయింది, డబ్బు మాయమైంది. అప్పుడు లాస్ స్టేట్‌మెంట్ తయారు చేస్తారు. నష్టమెంత, తప్పెవరిది, వాళ్ల దగ్గర రాబట్టే వీలుందా, మళ్లీ జరక్కుండా ఏం చేశారు, ఇవన్నీ అడుగుతారు. రాబట్టే వీలుంటే రికవరీ. వీలు లేదని తేలితేనే రైట్ ఆఫ్. అదీ అధికారం ఉన్న ఆఫీసరు తన పరిమితిలో మాత్రమే చేయగలడు. ఎంత పెద్ద జనరల్ అయినా సరే, రైల్వే వాళ్ల నష్టాన్ని కొట్టేయలేడు. అది ఆయన పద్దు కాదు కాబట్టి.

ఇప్పుడు మూడు వేలు నష్టం ఎవరి పద్దులో పడింది? ఆవిడ పద్దులో. కొట్టేసిందెవరు? దేవుడు. ఆయనకు పోయిందేమిటి?

దీనికి వేదాంతుల దగ్గర పాత సమాధానం ఒకటుంది. ప్రతి పాపమూ అంతిమంగా దేవుడికి విరోధంగా చేసిందే, అందుకే క్షమించే అధికారం ఆయనదే అంటారు. ఆధారంగా 51వ కీర్తన చూపిస్తారు. దావీదు రాజు బత్షెబను తెచ్చుకుని, ఆమె మొగుడు ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించాక పాడినదని ఆ కీర్తనకు పైన రాసిపెట్టారు. అందులో రాజు నీకు మాత్రమే అపరాధం చేశానని దేవుడితో అంటాడు. నీకు మాత్రమేనట! మరి ఊరియా? నమ్మి వచ్చిన సిపాయి, ఉత్తరం తన చావు ఉత్తరమని తెలియక చేత్తో మోసుకెళ్లినవాడు, లెక్కలోకే రాలేదు. సమూయేలు రెండో గ్రంథం ప్రకారం దావీదు పాపం పరిహారమైంది, అతను చావలేదు. పుట్టిన పసిబిడ్డ చచ్చిపోయాడు. నేరం ఒకడిది, నష్టం ఇంకొకడిది, మాఫీ మూడోవాడిది, రికవరీ నాలుగోవాడి దగ్గర. ఇలాంటి లాస్ స్టేట్‌మెంట్ నా టేబుల్ మీదికొస్తే అబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి.

తమాషా ఏమిటంటే అదే పుస్తకంలో ఇంతకన్నా మంచి నిబంధనలున్నాయి. లేవీయకాండం 6వ అధ్యాయం చూడండి. పొరుగువాడి సొమ్ము మోసంతోనో బలవంతంగానో తీసుకున్నవాడు దాన్ని పూర్తిగా తిరిగివ్వాలి, పైన అయిదో వంతు కలపాలి, సొంతదారుకే ఇవ్వాలి. ఆ తర్వాతే గుడికి పొట్టేలుతో రావాలి. మత్తయి 5లో యేసు కూడా దాదాపు అదే చెప్పాడు. నీ మీద సోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొస్తే కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వాడితో సమాధానపడి రమ్మన్నాడు. లూకా 19లో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినబడుతుంది. సుంకరి అంటే మా వంటి శాఖవాడే! మా వాడు జక్కయ్య కథ మీద ఆదివారం బడి పిల్లలకు పాఠం కూడా చెబుతాడు. చెట్టెక్కడం దాకా చెబుతాడు కాబోలు.

మత్తయి 18లోని అప్పుల కథ సరేసరి. రాజుకు ఒక సేవకుడు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు, ఒక దేనారం కూలివాడి రోజు కూలి. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. రాజు మొత్తం మాఫీ చేశాడు. చేయొచ్చు, అది ఆయన సొమ్ము. ఆ సేవకుడు బయటికెళ్లి తనకు వంద దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకున్నాడు. సంగతి తెలిసి రాజు మాఫీ ఉత్తర్వు రద్దు చేశాడు. నేను చూసినంతలో మాఫీని వెనక్కి తీసుకున్న ఆఫీసరు ఈయనొక్కడే. ఈ కథలో ఎక్కడా రాజు పక్కింటివాడి అప్పును కొట్టేయలేదని గమనించండి.

పుస్తకంలో ఇన్ని ఉండగా ఆచారం ఇలా ఎందుకైంది? బాధితుడికి తిరిగిచ్చే డబ్బు బాధితుడి దగ్గరే ఆగిపోతుంది. దేవుడికిచ్చే డబ్బు దేవుడి మనుషుల దగ్గరికొస్తుంది. ఇంతకన్నా లోతైన కారణం నాకు కనబడలేదు.

జర్మనీ చరిత్రలో దీని వోచర్లే దొరుకుతాయి. 1514లో మైన్జ్ ఆర్చిబిషప్ అయిన ఆల్బ్రెక్ట్ ఆ పదవి కోసం రోముకు కట్టాల్సిన సొమ్మును ఫుగ్గర్ అనే వడ్డీ వ్యాపార కుటుంబం దగ్గర అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీర్చడానికి పాపపరిహార పత్రాల అమ్మకం. వచ్చినదాంట్లో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం ఫుగ్గర్ బాకీకి. పత్రాలు అమ్మే టెట్జెల్ వెంట ఫుగ్గర్ల మనిషి కూడా ఉండేవాడు, పెట్టె లెక్క చూసుకోవడానికి. ఆ పత్రం పాపాన్ని కాదు, శిక్షను మాత్రమే తగ్గిస్తుందని కేథలిక్ పండితులు సవరిస్తారు. సరే, సవరణ ఒప్పుకుంటాను. శిక్ష తగ్గింపుకైనా రశీదు ఎవరికి పోయింది? ఊళ్లో నష్టపోయినవాడికి ఒక్క గుల్డెన్ రాలేదు. 1517లో లూథర్ తిరగబడింది దీనిమీదే. 1567లో పోపు అయిదో పయస్ డబ్బుతో ముడిపడ్డ ఆ పత్రాలన్నిటినీ రద్దు చేశాడు. సౌండ్ సిస్టమ్ మాత్రం మిగిలింది.

ఇదంతా అయిదొందల ఏళ్ల కిందటి మాట అంటారా? 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టిన సంగతి చూడండి. పిల్లల్ని పాడుచేసిన పాదిరీలను చర్చి పోలీసులకు అప్పజెప్పకుండా ఒక పేరిష్ నుంచి ఇంకో పేరిష్‌కు మార్చింది. గేగన్ అనే ఒక్క పాదిరీ మీదే నూటముప్పై మందికి పైగా ఆరోపించారు. అక్కడ పై వాళ్లకు కనబడింది పశ్చాత్తాపపడ్డ పాదిరీ, క్షమకు అర్హుడైన సోదరుడు. పిల్లవాడు కనబడలేదు. కార్డినల్ లా 2002 డిసెంబరులో రాజీనామా చేశాడు, 2004లో రోములోని ఒక గొప్ప బసిలికాకు అధిపతి అయ్యాడు. బోస్టన్ చర్చి 2003లో 8.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. కట్టించింది క్షమ కాదు, కోర్టు కేసులు.

మరి క్షమ అనేది అసలే వద్దా? అలా అనను. 1999 జనవరిలో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ని, పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని జీపులో తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకుల్ని క్షమించానన్నారు. అన్నాక కుష్ఠురోగుల సేవ మానలేదు. నేను ఆవిడ నమ్మకాన్ని ఒప్పుకోను, ఆవిడకు మాత్రం నమస్కారం పెడతాను. ఎందుకంటే నష్టం ఆవిడది. కొట్టేసే సంతకం పెట్టగలిగింది ప్రపంచంలో ఆవిడ, ఆవిడ కూతురు మాత్రమే. అయినా కోర్టు ఆగలేదు. 2003లో దారాసింగ్‌కు ఉరి, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమ ఒక పద్దు, న్యాయం ఒక పద్దు. రెంటినీ కలిపి చూపించలేదు.

"క్రైస్తవుల మీదే పడ్డారేం, హుండీ సంగతేమిటి, గంగాస్నానం సంగతేమిటి?" అని అడిగేవారికి: అదీ ఇదే లెక్క. హుండీలో వేసినవాడికి రశీదు కూడా ఇవ్వరు. ఈసారి నన్ను పిలిచింది క్రైస్తవుల ఇంటికి, అందుకని వాళ్ల సంగతి రాశాను. నాకు పదో తరగతి దాకా చదువు చెప్పింది మిషన్ స్కూలే, ఆ రుణం కూడా ఉంది. అన్నట్టు ఆ రోజు సాక్ష్యంలో "లోకాన్ని వదిలేశాను" అని కూడా అన్నాడు మా వాడు. అంతకు నెల ముందే కొడుక్కి సంబంధం చూస్తూ 'మా కులం క్రైస్తవులే కావాలి' అని ప్రకటన ఇచ్చాడు. లోకం ఆయన్ని వదల్లేదు.

2020 ఫిబ్రవరిలో ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్లాను. వెళ్లే ముందు పీఎఫ్ వడ్డీ రేట్ల ప్రకారం లెక్క వేశాను. 2000 దాకా 12 శాతం, తర్వాత తగ్గుతూ వచ్చింది. మూడు వేలు పాతికేళ్లకు 27 వేల పైచిలుకు అయ్యింది. నేనే ఇచ్చేద్దామా అనిపించింది. కాని ఒకడి బాకీ ఇంకొకడు తీర్చడమంటే సిలువ సిద్ధాంతం నేనే ఒప్పుకున్నట్టు. నా బాకీ ఆ పదకొండు రోజులు.

ఒక గది ఇల్లు. గోడమీద సిలువ ఉన్న క్యాలెండరు. ఆవిడా ప్రార్థనకు వెళ్తుంది. జరిగిందంతా చెప్పాను, ఆయన సాక్ష్యం సంగతి, ఫైలు నా దగ్గరే ఉన్న సంగతి. డబ్బు అడగమన్నాను, సాక్షిగా నేను నిలబడతానన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయా బాబూ?" అంది.

"ఉన్నాయమ్మా."

"నేనే ఏదో తప్పు కాగితం తెచ్చాననుకున్నాను ఇన్నాళ్లూ. నా కొడుకు కూడా అదే అనేవాడు, నీకు తెలివి లేదే అని."

క్షమించావా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. లెక్క కాగితం మాత్రం మడిచి బైబిలులో పెట్టుకుంది. దాని రెండో ప్రతి ఆ వారమే ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద ఆయన సంతకం ఉంది. డబ్బు ఆవిడకు ఇంతవరకూ చేరలేదు. అప్పటినుంచి ఏటా ఏప్రిల్లో, 7.1 శాతం వడ్డీ కలిపి, కొత్త లెక్క పంపుతున్నాను.