‘పోయింది’ అనే ముందు పరీక్షించండి!

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు మార్చారు. స్విచ్ వేశారు. ఫ్యాను తిరిగింది. నల్లని తెర మీద బూట్ డిస్కు లేదంటూ ఒక ఇంగ్లీషు వాక్యం కనిపించింది. అంతే! ఇలాంటప్పుడు చాలాచోట్ల వినబడే మాట ఒకటే: “పాతది కదా, పోయింది. మూలన పెట్టేయండి.”

ఈ తీర్పును నేను ఒప్పుకోను. పరీక్షించకుండా చెప్పే తీర్పు విజ్ఞానం అనిపించుకోదు. మీ బడిలో మొరాయించిన కంప్యూటర్ ఉంటే అది చెత్త కాదు, మంచి ప్రయోగశాల అని నా అభిప్రాయం.

ఇంతకీ కంప్యూటర్ ‘బూట్’ కావడమంటే ఏమిటి? దీనిని రిలే పరుగు పందెంతో పోల్చవచ్చు. స్విచ్ వేయగానే ప్రాసెసర్ మొదట మదర్‌బోర్డు మీది ఒక చిప్‌లో ఉన్న ‘బయాస్’ అనే ప్రోగ్రామును అందుకుంటుంది. కరెంటు తీసేసినా ఆ చిప్‌లోని ప్రోగ్రాము చెరిగిపోదు. బయాస్ ముందుగా మెమరీ, కీబోర్డు మొదలైనవి సరిగా ఉన్నాయో లేదో చూస్తుంది. తరువాత డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను చదువుతుంది. అక్కడున్న చిట్టి ప్రోగ్రాము మరొకదానిని లేపుతుంది. అది విండోస్‌నో, లినక్స్‌నో లేపుతుంది. ఇలా ఒకరి చేతి కర్ర మరొకరి చేతికి అందాలి. ఆ కర్ర ఎక్కడ జారిపడిందో కనిపెట్టడమే మన పని.

అందుకు ముందు కళ్ళు, చెవులు ఉపయోగించండి. ఫ్యాను కూడా తిరగలేదా? కరెంటు తీగలు చూడాలి. ఫ్యాను తిరుగుతున్నా తెర వెలగక, ‘బీప్ బీప్’ మని వినిపిస్తోందా? డిస్కు మార్చేటప్పుడు చెయ్యి తగిలి మెమరీ పలక కదిలి ఉండవచ్చు. తెర వెలిగింది గాని బయాస్ పట్టికలో కొత్త డిస్కు పేరు లేదా? డిస్కుకు వెళ్ళే రెండు తీగలలో ఒకటి వదులై ఉండవచ్చు. పేరు ఉన్నా బూట్ కావడం లేదా? అయితే బయాస్ మరో డిస్కు వైపు చూస్తూ ఉండాలి, లేదా కొత్త డిస్కు ఖాళీగా ఉండాలి.

ఈ చివరి సంగతి చాలామందికి తట్టదు. కొత్త డిస్కు కొత్త నోటుపుస్తకం లాంటిది. పాత డిస్కులోని ఫైళ్ళన్నీ మామూలుగా కాపీ చేసినా చాలదు. మొదటి 512 బైట్లు మనకు ఫైలుగా కనిపించవు కాబట్టి అవి ఆ కాపీలో రావు. డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్లుగా నకలు తీయాలి, లేదా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించాలి.

తేదీ కూడా గమనించండి. గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది 3 వోల్టులది. మీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వోల్ట్‌మీటర్‌తోనే కొలవవచ్చు. డిస్కు మార్చడానికి ప్లగ్గు తీసినప్పుడు, ఈ బ్యాటరీ పనిచేయకపోతే బయాస్ తన అమరికలన్నీ మరచిపోతుంది. ఏ డిస్కును ముందు చూడాలన్నదీ మరచిపోతుంది. అప్పుడు తప్పు కొత్త డిస్కుది కాదు!

మరి కొత్త డిస్కు మరీ పెద్దదైతే? 1983లో వచ్చిన పద్ధతిలో డిస్కు భాగాల లెక్క రాయడానికి 32 బిట్లే కేటాయించారు. 2ను 32 సార్లు వేసి గుణించి, వచ్చినదానిని 512తో హెచ్చవేయండి. సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు వస్తుంది. అంతకు మించిన చోటును ఆ పద్ధతి లెక్కపెట్టలేదు. పెద్ద డిస్కుల కోసం వచ్చిన ‘జీపీటీ’ పద్ధతిలో డిస్కును సిద్ధం చేస్తే, పాత బయాస్ ఉన్న యంత్రంలో విండోస్ దాని నుంచి లేవదు. యంత్రం చెడలేదు, డిస్కూ చెడలేదు. ఒకరి భాష మరొకరికి తెలియదు, అంతే.

వీటన్నిటికన్నా విలువైన పరీక్ష ఒకటుంది. పాత డిస్కును తిరిగి పెట్టి చూడండి. లేచిందా? మిగతా యంత్రమంతా బాగున్నట్లే. పాత డిస్కు పాడైపోయి ఉంటే, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవుతో లేపి చూడండి. మీ పాఠంలో ‘నియంత్రిత ప్రయోగం’ అని చదివారే, అది ఇదే. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. తీగ, బ్యాటరీ, అమరిక మూడూ ఒకేసారి మారిస్తే కంప్యూటర్ లేవవచ్చు గాని, ఎందుకు లేచిందో మీకు తెలియదు. యంత్రం దక్కుతుంది, జ్ఞానం దక్కదు.

“పిల్లలు ముట్టుకుంటే ఉన్నదీ చెడిపోతుంది” అని పెద్దలు భయపడతారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. కాబట్టి ఉపాధ్యాయుని సమక్షంలోనే, ప్లగ్గు పూర్తిగా తీసివేసిన తరువాతనే పెట్టె తెరవాలి. లోపలి పవర్ సప్లై డబ్బాను ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. పాత డిస్కును చెరిపివేయరాదు. డిస్కు మళ్ళీ కొనవచ్చు, అందులోని మార్కుల జాబితాలు, ఫొటోలు ఏ దుకాణంలోనూ దొరకవు. ఈ జాగ్రత్తలు పాటిస్తే, ఎలాగూ తుక్కులోకి పోయే యంత్రాన్ని పిల్లల ముందు పెట్టడంలో పోయేదేముంది?

అన్ని పరీక్షలూ చేశాక మదర్‌బోర్డే పాడైందని తేలవచ్చు. అప్పుడు ‘పోయింది’ అనండి, తప్పులేదు. అది సాక్ష్యంతో చెప్పిన మాట అవుతుంది. మీ బడిలో ఆ మూలనున్న పెట్టె దగ్గరికి మీ సైన్సు మాస్టారిని తీసుకుపోండి. వెంట ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. ఏం చూశారు, ఏం మార్చారు, ఏం జరిగింది — ఈ మూడు గడులు గీసి మొదలుపెట్టండి.